పణజిలో ఆలుగడ్డలు, తాగని నీళ్లు

గోవాకు పోయి సముద్రం చూడకుండా తిరిగొచ్చిన మనుషులు ఎక్కడైనా ఉంటారా అని అడిగితే, ఉన్నారు, నర్మెట్టలో ఇద్దరున్నారు. ఒకదాన్ని నేను, ఇంకొకడు మా తమ్ముడు సత్తయ్య. "ఇసుకల నడిచిన్రా, పడవ ఎక్కిన్రా" అని మా వాడకట్టు ఆడవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. మేం చూసింది ఒక పసుపుపచ్చ ఇంటి కిటికీ, ఆ కిటికీలోంచి అమ్మే ఆలుగడ్డలు, వాటిని వేయించే పిల్లగాడు. అంతే. కానీ ఆ కిటికీ ముందు నేను పడ్డ పరేషాన్ ఏ సముద్రం ముందూ పడేదాన్ని కాదు.

నర్మెట్ట: ఎందుకు బయలుదేరామంటే

సత్తయ్య బిడ్డ స్వరూప నా చేతుల మీద పెరిగింది. జనగామలో కండ్ల దవాఖానలో చీటీలు రాస్తుంది. ఆ పిల్లకు సంబంధం వచ్చింది. తెచ్చినవాడు కాటారం రాజయ్య. పెండ్లిళ్లు కుదర్చడమే ఆయన పని. పది మాటలు చెబితే అందులో ఆరు మాటలకు నీళ్లు కలుపుతాడు.

"పిల్లగాడు మహేందర్. కురవి దగ్గరోడు. గోవాల హోటల్ నడుపుతడు" అన్నాడు రాజయ్య.

"ఏం హోటల్?"

"ఆలుగడ్డలు ఏంచి అమ్ముతడక్కా. కొననీకి జనం గల్లీ కొసదాంక లైన్ కడ్తరు. దొరలు, దొరసానులు గూడ."

అప్పుడే నాకు అనుమానం పుట్టింది. ఎరువుల బస్తాకు లైను కట్టడం చూశాను, ఆధార్ కార్డుకు కట్టడం చూశాను. ఆలుగడ్డకు ఎవడు కడతాడు? అందులోనూ గోవా. ఆలుగడ్డల కింద ఇంకేదో అమ్ముతున్నారని నాకు గట్టిగా తోచింది.

అనుమానానికి కారణం లేకపోలేదు. మా దిక్కు ఒక పద్ధతి ఉంది. సంబంధం చూడటానికి పోయినవాళ్లు మాట ఖాయమయ్యేదాకా అవతలివాళ్ల చేతి మంచినీళ్లు కూడా ముట్టరు. ముట్టారంటే ఒప్పుకున్నట్టే. ఇంతకుముందు స్వరూపకు భూపాలపల్లి నుంచి ఒక సంబంధం వస్తే సత్తయ్య ఒక్కడే చూడటానికి పోయాడు. పిల్లగానికి బొగ్గుబాయి మీద పర్మనెంటు నౌకరి అన్నారు. మా తమ్ముడు మాంసం కూర వాసనకు ఆగలేక చెయ్యి కడిగి కూర్చున్నాడు. ఇంటికొచ్చాక తెలిసింది, నౌకరీ లేదు, ఏమీ లేదు. అంతా అబద్ధం. వద్దు పొమ్మంటే వాళ్లు పెద్దమనుషులను వెంటబెట్టుకొని మా వాకిట్లోకి వచ్చారు. "మా ఇంట్ల కడుపునిండ తిని, ఇప్పుడు పిల్లనియ్యనంటరా?" అని పంచాయితీ. ఆ పంచాయితీ తెగేదాకా స్వరూప నలుగురి నోళ్లలో నానింది. పిల్లలో ఏదో లోపం ఉండబట్టే వెనక్కి తగ్గారని కూడా అన్నారు. చాలా రోజులు ఆ పిల్ల జనగామ బస్సు ఎక్కలేదు.

అందుకే ఈసారి స్వరూపే తేల్చి చెప్పింది. "అత్తా, ఈసారి నువ్వు పో. హోటల్ ఉన్నా లేకున్నా నాకేం లేదు. అబద్ధం ఉందా లేదా, గంతే చూసి రా. బాపు నోటికి మాత్రం తాళమెయ్యి."

"నేనేమన్న చిన్నపోరన్నా?" అన్నాడు సత్తయ్య, నోట్లో మక్కగారె పెట్టుకొని.

కురవిలో పిల్లగాని తండ్రిని కలిశాం. చాయ్ ముట్టకుండానే లేచి వచ్చాం. మిగిలింది గోవా. చెప్పకుండా పోవాలనుకున్నాం. చెప్పిపోతే ఎవరైనా వాకిలి ఊడ్చి ముగ్గేసి పెడతారు.

రైల్లో

సికింద్రాబాద్‌లో ఎక్కాం. సద్దిలో జొన్నరొట్టెలు, సర్వపిండి, ఎల్లిపాయ కారం, వేయించిన పల్లీలు. మా పెట్టెలో హైదరాబాద్ పిల్లగాండ్ల గుంపు ఒకటి ఉంది. వాళ్లు మమ్మల్ని చూసి ఒకటే నవ్వు. "గోవాకా అమ్మా? మస్తు ఎంజాయ్ చేయున్రి" అన్నాడు ఒకడు.

"మేం ఎంజాయ్‌కు పోతలేం నాయినా, ఆలుగడ్డలు చూడనీకి పోతున్నం" అన్నాను. వాళ్లు దాన్ని జోక్ అనుకున్నారు. సర్వపిండి తుంచి ఇచ్చాను, తిన్నారు. ఆ దుకాణం సంగతి వాళ్లకు తెలుసునట. "గక్కడ తినకుంటె గోవా పోయినట్టే కాదమ్మా" అన్నాడు ఇంకొకడు. నా అనుమానం ఇంకా పెరిగింది. ఈ వయసు పిల్లలు మెచ్చుకున్న జాగాలో మంచి ఉంటుందా?

తెల్లారేసరికి కిటికీ అవతల నేల ఎర్రగా మారింది. తర్వాత కొండలు, వాటి మీద వెండి తీగల్లా నీళ్లు. చెట్లు ఎంత దట్టంగా ఉన్నాయంటే మా దిక్కు కాటారం అడవి గుర్తొచ్చింది. సత్తయ్య అవేవీ చూడలేదు. మిగిలిన రొట్టెలు చూస్తున్నాడు.

పణజి: ఎర్రన్నం, తెల్ల మెట్లు

మడగావ్‌లో దిగి బస్సెక్కి పణజి చేరాం. నది ఒడ్డు మీద ఊరు. ఊరి నడుమ తెల్లటి మెట్ల మీద తెల్లటి చర్చి, పెండ్లికి సున్నం వేసిన ఇల్లులా. నదిలో మేడల్లాంటి పడవలు నిలబడి ఉన్నాయి. అవేంటని చాయ్ కొట్టులో అడిగితే జూదమాడేవి అన్నాడు. మా దిక్కు జూదం ఆడేవాళ్లు పోలీసులు కనబడితే పత్తి చేన్లలో దాక్కుంటారు. ఇక్కడ దీపాలు పెట్టి మరీ ఆడతారు. ఇట్లాంటి ఊళ్లో మన పిల్ల ఎట్లా బతుకుతుందిరా సత్తయ్యా అన్నాను. "పడవ కొనుక్కుంటమా ఏంది అక్కా, చూసి ఊకోరాదు" అన్నాడు.

మర్నాడు పొద్దున లాడ్జిలో స్నానాలు చేసి, పక్కన పూటకూళ్లింట్లో తిన్నాం. అన్నం ఎర్రగా, లావుగా ఉంది. కొబ్బరి చేపల పులుసు. దాంతోపాటు గులాబి రంగు నీళ్లు గ్లాసులో పెట్టారు. మందేమో అని నేను వాసన చూశాను. చివరికి నాలుకకు తాకిస్తే అది మన పచ్చిపులుసుకు చుట్టం. చింతపండు బదులు ఏదో అడవి పండట, పైన కొబ్బరిపాలు. ఆ ఊళ్లో నాకు మొదట నమ్మకం కుదిరింది ఆ గ్లాసు ఒక్కదాని మీదే.

పసుపుపచ్చ ఇంటి ముందు

దుకాణం పాత వాడలో ఉంది. సన్నటి గల్లీలు. ఒక ఇల్లు నీలం, ఒకటి ఎరుపు, ఒకటి పసుపుపచ్చ. దుకాణం అంటే బల్ల ఉండాలి, బెంచీ ఉండాలి, కూర్చున్నవాళ్లకు నీళ్ల గ్లాసు పెట్టాలి. ఇక్కడ అవేవీ లేవు. ఇంటి గోడకు ఒక కిటికీ, దాని మీద ఒక బోర్డు. లోపల నూనె మరిగే తొట్లు. ఇచ్చేది కాగితపు పొట్లంలో, తినేది ఎవరి దిక్కు వాళ్లు నిలబడి. మధ్యాహ్నం కిటికీ రెక్కలు తెరవకముందే లైను. రాజయ్య చెప్పింది అబద్ధం కాదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

కిటికీలో ఫోటోలో చూసిన పిల్లగాడే. సన్నగా, నల్లగా, నుదుటికి గుడ్డ కట్టుకొని. వెనక కుర్చీలో గౌను వేసుకున్న ముసలామె కూర్చొని పైసలు తీసుకుంటోంది. ఎవరు పిలిచినా ఆంటీ అంటున్నారు. దుకాణం ఎవరిదో చూస్తేనే తెలుస్తోంది. "హోటల్ నడుపుతడన్నడు గదరా రాజయ్య. నడిపేది గామె, నిలవడేది గీయన" అన్నాను. ఒక అబద్ధం దొరికింది.

కిటికీకి ఎదురుగా అరుగు కింద ఒక లంబాడీ ఆమె పూసల దండలు పరిచి అమ్ముతోంది. నేను మా ఊరి పక్క తండా ఆడవాళ్లతో కలిసి ఏండ్ల తరబడి పత్తి ఏరినదాన్ని, వాళ్ల మాటలు నాలుగు నాకూ వస్తాయి. "యాడీ", అంటే అమ్మా, అని పిలిచేసరికి ఆమె ఉలిక్కిపడి, ఆ తర్వాత నా చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది. పేరు సీతాబాయి. కర్ణాటక తండా నుంచి వచ్చిందట. కొంత తండా మాట, కొంత హిందీ, కొంత చేతులు కలిపి మాట్లాడుకున్నాం. ఆ కిటికీని చూడటానికి దానికంటే మంచి జాగా లేదు.

మొదట చూసింది, ఆ పిల్లగాడు ఆలుగడ్డ ముక్కలను సగం వేయించి తీసి పక్కన పోస్తున్నాడు. తర్వాత ఎవరైనా రాగానే మళ్లీ నూనెలో వేస్తున్నాడు. "నిన్నటియి ఇయ్యాల ఎచ్చజేసి ఇస్తున్నడురో" అన్నాను. సత్తయ్య గుటక మింగాడు. వాసన ఆ గల్లీ అంతా నిండి ఉంది మరి.

తర్వాత చూసింది అంతకంటే అన్యాయం. లైనులో అందరికీ ఒకటే తీరు, ఉప్పు చల్లి, ఎర్ర సాసు, తెల్ల సాసు పోసి ఇస్తున్నాడు. కొందరు మాత్రం ముందుకు వంగి చెవిలో చెప్పినట్టు ఏదో అడుగుతున్నారు. అప్పుడు ఆ పిల్లగాడు వెనక కూర్చున్న ఆంటీ వైపు ఒక చూపు చూసి, కిందికి వంగి, మడిచిన చిన్న కాగితం పొట్లం తీసి గుప్పిట్లో పెడుతున్నాడు. తీసుకున్నవాళ్లు నవ్వుకుంటూ పోతున్నారు. రైల్లో కలిసిన పిల్లగాండ్లు కూడా వచ్చారు. వాళ్లకూ ఇచ్చాడు.

సత్తయ్యను మోచేత్తో పొడిచాను. "చూసినవారా? నేను చెప్పలే?"

"పొట్లంల ఏముందో మనకేం తెలుసక్కా" అన్నాడు సత్తయ్య. కానీ వాడి ముఖం కూడా వాడింది.

సీతాబాయిని అడిగాను. ఏదో పొడి, అంతకు మించి తనకు తెలియదంది. పిల్లగాడు మంచివాడంది. కిటికీ పక్కన గోడకు ఆనించి ఒక మట్టి నీళ్ల రంజన్ ఉంది, మూత మీద గ్లాసు బోర్లించి ఉంది. ఆ రంజన్ పెట్టింది అతనేనట. ఉప్పుగా తిన్నవాళ్లకు దూప అవుతుంది కదా అని. పూసలు అమ్మేవాళ్లు, స్కూటర్లు నడిపేవాళ్లు, అందరూ అక్కడే తాగుతారట. ఎండ మండుతోంది, నా నాలుక అంగిట్లో అతుక్కుంది. సీతాబాయి గ్లాసు ముంచుకొచ్చి ఇచ్చింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆమె ముఖం మారిపోయింది. "మేం తాగే కుండ అనా?" అంది.

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఒకే చేన్లో ఒకే చెంబు నీళ్లు తాగిన మనిషిని నేను. ఇగ దాచి లాభం లేదని అసలు సంగతి చెప్పాను. సంబంధం చూడటానికి వచ్చాం, మాట కాకుండా ఆ పిల్లగాని నీళ్లు ముట్టరాదు అని. సీతాబాయి ముందు నోరు తెరిచింది, తర్వాత పూసలు ఊగేలా నవ్వింది. వాళ్ల తండాలోనూ కట్టుబాట్లు ఇంతకంటే గట్టివేనట. ఆ నవ్వులో ఆమె కిటికీ వైపు ఒకటికి రెండుసార్లు చూసింది. ఎవరికీ చెప్పకు అని ఒట్టు వేయించుకున్నాను. ఆడవాళ్లు వేసిన ఒట్లు ఎంతసేపు నిలుస్తాయో నాకు తెలియదా.

మీసాల మీద నూనె

సాయంత్రం చర్చి మెట్ల దగ్గర ఫోటోలు తీసుకునేవాళ్లను చూస్తూ కూర్చుంటే సత్తయ్య కనబడలేదు. చుట్టూ వెతికాను. కొంతసేపటికి గల్లీ మలుపులోంచి వచ్చాడు, తువ్వాలతో మూతి తుడుచుకుంటూ. తుడిచినా మీసాలు మెరుస్తున్నాయి.

"తిన్నవా?"

"ఏది?"

"సత్తిగా, నా కండ్లల్లకు చూసి చెప్పు."

"కొనుక్కొని తిన్న గదనే. కొన్నది తింటే ఏమైతది?"

ఇక్కడే అసలు చిక్కు. కొన్న తిండి లెక్కలోకి వస్తుందా రాదా? కొంటే అది బేరం, పెడితే అది మర్యాద. బేరానికి మాట లేదు. సరే, కొన్నాడంటే ఒప్పుకుంటాను. "పైసలిచ్చినవా?"

"జేబులకెళ్లి తీసిన."

"తీసినవు. గాయన తీస్కున్నడా?"

సత్తయ్య చర్చి గంట వైపు చూశాడు. "ఎంత పెద్ద గంట చూడక్కా" అన్నాడు.

అంటే తీసుకోలేదు. ఉత్తగా పెట్టాడు, వీడు ఉత్తగా తిన్నాడు. భూపాలపల్లి పంచాయితీ కండ్ల ముందు తిరిగింది. దాచిన పొట్లాలు అమ్మే పిల్లగానికి మా ఇంటి మాట పోయింది, అదీ ఒక కాగితపు పొట్లం ఆలుగడ్డలకు. "కురవి వీరన్నా, ఈన్ని నువ్వే అర్సుకోవాలె" అన్నాను. ఎంత తిట్టినా వాడు పెదవి విప్పలేదు. అది నాకు వింత. తిట్టిన ప్రతిసారీ ఒకటికి రెండు అనేవాడు.

ఇంటికి ఫోన్ చేస్తే స్వరూపే ఎత్తింది. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక ఎర్రన్నం సంగతి, పడవల సంగతి చెప్పాను.

"అత్తా, బాపు తిన్నడా?" అంది.

అబద్ధం చెప్పలేక ఊ అన్నాను. "మళ్లనా?" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండు అనిపించింది. "సరే, నువ్వు రేపు పోయి గాయన్నే అడుగు. దాక్కొని చూసింది చాలు" అని పెట్టేసింది.

లైనులో

మర్నాడు కిటికీ తెరిచే వేళకు లైనులో నిలబడ్డాను. సత్తయ్యను సీతాబాయి పక్కన కూర్చోబెట్టాను. నా ముందు మరాఠీ ఆడవాళ్లు, వెనక తెల్లజుట్టు దొర ఒకాయన. అంత వయసు మనిషి, నేను కొంగు సర్దుకుంటే అడుగు వెనక్కి జరిగి జాగా ఇచ్చాడు. మా రేషన్ దుకాణం లైనులో అయితే ఈపాటికి నా కాలి చిటికెన వేలు ఉండేది కాదు.

నా వంతు వచ్చింది. పొట్లం వంద రూపాయల పైచిలుకు. ఆ పైసలకు కురవి జాతరలో ఇంటిల్లిపాదీ మిరపకాయ బజ్జీలు తినొచ్చు. నేను పైసలు తీయలేదు, తిండీ అడగలేదు.

"బాబూ, నిన్న మాపటీలి ఒకాయన వచ్చి తిన్నడు. మీసాలాయన. పైసలిచ్చిండా?"

ఆ పిల్లగాడు చేతిలో జల్లిగరిటె పక్కన పెట్టాడు. సీతాబాయి ఒట్టు సంగతి అతని ముఖంలోనే కనబడింది. అంతా తెలుసు.

"ఇచ్చిండు పెద్దమ్మా."

"నువ్వు తీస్కున్నవా?"

"తీస్కున్న."

నాకు నమ్మకం కలగలేదు. "ఎవరో తెలిసి కూడ తీస్కున్నవా?"

"తెలిసే తీస్కున్న" అన్నాడు. తల దించుకొని, వెనక ఉన్న ఆంటీకి వినబడకుండా చెప్పాడు. ఆమెకు తెలుగు రాదు, అయినా. "ముందుగాల వద్దందామనుకున్న. చెయ్యి గూడ ఎనక్కి జరిపిన. మళ్ల యాదికొచ్చింది. నా చేతిది ఉట్టిగ తింటే మీరు మాట ఇచ్చినట్టయితది గద. మీరింక నన్ను పూరా చూడనే లేదు. రేపు మీకు ఇష్టం గాకపోతే ఎట్ల పోతరు? గందుకే తీస్కున్న. కాకాకు కోపమొచ్చినట్టుంది."

నేను వెనక్కి తిరిగి సత్తయ్యను చూశాను. వాడు పూసల దండలు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నాడు.

"ఇటు రారా!" అన్నాను. వచ్చాడు. "పైసలు తీస్కున్నడంట గదరా. రాత్రంత నన్నెందుకు సంపినవు?"

"చెప్తే నువ్వేమంటవు?" అన్నాడు సత్తయ్య గొణుగుతూ. "కాబోయే మామ కాడ పైసలు గుంజిండు, గీ పిసినారోనికి పిల్లనియ్యం, నడువు ఇంటికి అంటవు. నాకు పిల్లగాడు మంచిగనిపించిండు. గందుకే నోరు మూస్కున్న."

వాడు చెప్పింది నిజమే. నేను అచ్చంగా ఆ మాటే అనేదాన్ని.

లైను వెనక నుంచి ఎవరో ఏదో అరిచారు. మహేందర్ వాళ్లకు హిందీలో సర్దిచెప్పి ముక్కలు నూనెలో వేశాడు. నేను పక్కకు జరిగి, కిటికీ అంచు పట్టుకొని నిలబడ్డాను. అడగాల్సినవి ఇంకా ఉన్నాయి.

"హోటల్ నీదన్నడు రాజయ్య."

"నేనన్లె. కిటికీ ఆంటీది. నిలవడేది నేను. రాజయ్య కాకకు గదే చెప్పిన, గాయన ఏం చెప్పిండో నాకు తెల్వది."

"నిన్నటియి మళ్ల ఏంచుతున్నవు."

"నిన్నటియి గావు పెద్దమ్మా. ఒక్కసారే ఏంచితే మెత్తగుంటయి. రెండుసార్లు ఏంచితేనే కరకర. మన కాడ బజ్జీలోళ్లు మిర్చీలు రెండుసార్లు ఏంచరా?"

ఏంచుతారు. ఇగ అసలు దానికి వచ్చాను. గొంతు తగ్గించి, "మరి కింద దాచిందేంది? కొందరికే ఇస్తున్నవు. నిన్నటి సంది చూస్తున్న" అన్నాను.

మహేందర్ ఎర్రబడ్డాడు. ఆంటీ వైపు ఓరగా చూసి, కిందికి వంగి, ఒక డబ్బా తీసి మూత తెరిచి నా ముక్కు కింద పెట్టాడు. నేను తుమ్మాను. ఆ వెంటే సత్తయ్య తుమ్మాడు. ఎల్లిపాయ కారం. రోట్లో దంచినది, కాస్త ఉప్పు, కాస్త జీలకర్ర.

"మా నాయిన పంపుతడు. మానుకోట మిర్చి" అన్నాడు మహేందర్. "ముందు అందరికీ చల్లేటోణ్ని. ఒక దొరసాని తిని కండ్లెంబడి నీళ్లు కారి గల్లీల లొల్లి లొల్లి చేసింది. అప్పటి సంది ఆంటీ వద్దన్నది. మనోళ్లు అడిగితే మాత్రం సాటుగ ఇస్త. గది ఆంటీకి తెలుసు, తెల్వనట్టుంటది."

వెనక కుర్చీలో ఆంటీ మా వైపు చూడకుండా నోట్లు సర్దుతోంది. పెదవుల చివర నవ్వు ఉంది.

అప్పుడు కొంగు ముడి విప్పి పైసలు ఇచ్చాను. తీసుకున్నాడు. నా పొట్లంలో కారం కాస్త ఎక్కువే చల్లాడు. గోడకు ఆనుకొని తిన్నాను. దాచకుండా చెబుతున్నా, బాగున్నాయి. పైన గట్టిగా, లోపల అప్పుడే ఉడికిన గడ్డలా మెత్తగా. అంత లైను కట్టేంత ఉన్నాయా అంటే ఇప్పటికీ నా అనుమానం నాకుంది. తెల్ల సాసు మాత్రం ముట్టలేదు, అది ఏమిటో నాకు తెలియదు, తెలుసుకోను కూడా.

పొట్లం సగమయ్యేసరికి కారం చెవుల్లోంచి పొగలా వచ్చింది. నోరు మండిపోతోంది. రంజన్ చేతికందేంత దూరంలో ఉంది. సత్తయ్య దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నేను కొంగుతో కండ్లు తుడుచుకొని స్వరూపకు ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. పైసల సంగతి, కారం సంగతి, కిటికీ తనది కాదన్న సంగతి. అంతా విని ఆ పిల్ల, "ఫోన్ గాయనకియ్యి అత్తా" అంది.

కిటికీలోంచి ఫోన్ లోపలికి ఇచ్చాను. మహేందర్ చేతులు తుడుచుకొని తీసుకున్నాడు. ఆంటీ లేచి వచ్చి తనే జల్లిగరిటె పట్టింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అతని మాటలు మాత్రం ముక్కలు ముక్కలుగా వినబడ్డాయి. "లేదు, ఇల్లు కిరాయిది" అన్నాడు. "మానుకోటల పెట్టాలని ఉంది, ఎప్పుడో చెప్పరాదు" అన్నాడు. ఒకసారి నవ్వాడు. "నువ్వే అడుగుతవనుకోలె" అన్నాడు. లైను మొత్తం మమ్మల్నే చూస్తోంది. తెల్లజుట్టు దొర తన పొట్లం తింటూ, అక్కడి నుంచి కదలకుండా ఏదో పెండ్లి చూస్తున్నట్టు నిలబడ్డాడు.

ఫోన్ నాకు తిరిగిచ్చాడు. చెవికి పెట్టుకున్నాను.

"ఏమంటవు బిడ్డా?"

దవాఖానలో ఎవరినో పేరు పెట్టి పిలవడం వినబడింది. తర్వాత స్వరూప గొంతు తగ్గించి అడిగింది.

"ఎల్లిపాయ కారం తిన్ననన్నవు గద అత్తా. దూప అయితలేదా?"

నా కండ్లలో నీళ్లు కారం వల్లనే వచ్చాయని అక్కడున్నవాళ్లు అనుకుని ఉంటారు. కిటికీ దగ్గరికి పోయాను. "బాబూ, జర మంచినీళ్లియ్యి" అన్నాను.

మహేందర్ పక్క తలుపు తీసుకొని బయటికి వచ్చాడు. రంజన్ మూత తీసి, గ్లాసు కడిగి, ముంచి, రెండు చేతులతో ఇచ్చాడు. ఎదురు అరుగు కింద సీతాబాయి ఏదో కేక వేసింది, అది తండా మాట, నాకు అర్థమైంది, ఇక్కడ రాయను. నీళ్లు చల్లగా ఉన్నాయి. గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి అడిగి తాగాను.

"ఇగ తినొచ్చా అక్కా?" అన్నాడు సత్తయ్య.

నేను ఊ అనకముందే వాడు పోయి కిటికీ ముందు నిలబడి, నిన్నటిలాగే జేబులోంచి నోటు తీసి చాపాడు. అప్పటికే లోపలికి పోయిన మహేందర్ ఆ చేతిని అట్లాగే మూసి వెనక్కి నెట్టాడు.

"జేబుల పెట్టుకో మామా" అన్నాడు.